జర్మన్ ఉద్యోగ ఒప్పందాలు – ఇంగ్లీషు అనువాదంలో చిక్కులు

– తృతీయ బి.యస్సీ. (యం.పి.సి.) విద్యార్థి

సైన్సు చదివేవాడికి లా పుస్తకాలతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. అడిగారు కూడా. నిరుడు లైబ్రరీలో జర్మన్ నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే "ఏమోయ్, ఐన్‌స్టీన్‌ని అసలు భాషలోనే చదివేద్దామనా?" అని మా క్లాసువాళ్ళు ఎగతాళి చేశారు. నేను చదువుతున్నది ఐన్‌స్టీన్‌ని కాదు. మా పెదనాన్నగారి అమ్మాయికి జర్మనీలో ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన ఉద్యోగ ఒప్పందాన్ని.

మా అక్క నర్సింగు చదివింది. రెండేళ్ళు కష్టపడి జర్మన్ నేర్చుకుంది. ఆవిడ పుస్తకాలు పట్టుకునే నేనూ సాయంత్రం క్లాసులకి వెళ్ళి కొంత నేర్చుకున్నాను. ఒప్పందం రెండు భాషల్లో వచ్చింది, ఎడమవైపు జర్మన్, కుడివైపు ఇంగ్లీషు. నొప్పి ఎక్కడ, మందు వేసుకున్నారా అనే జర్మన్ అక్కకి బాగా వచ్చు. కాని అరపేజీ దాకా చుక్క పెట్టని చట్టం జర్మన్ వేరు. అందుకని ఇంట్లో అందరం కుడివైపే చదివాం. అందులో ఒక షరతు ఇలా ఉంది: ఉద్యోగం రెండేళ్ళలోపు "టెర్మినేట్" అయినట్లయితే భాషా శిక్షణకి అయిన ఖర్చు ఉద్యోగి తిరిగి చెల్లించాలి.

పెదనాన్న కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి, "అంటే వాళ్ళు పొమ్మన్నా మనమే కట్టాలా? ఇది ఉద్యోగం కాదురా, వెనకటి పాలేరు బాకీ పత్రం. సంతకం వద్దు," అన్నారు. అప్పటికే ఆయన అక్క చదువుకోసం చేసిన అప్పు ఉంది. ఇంకో ఖర్చు మీద పడితే ఎకరం తాకట్టు పెట్టాల్సిందే. అక్క ఏమీ మాట్లాడలేదు. నేను మాత్రం, ఎడమవైపు ఏముందో చూస్తానన్నాను.

ఆ చూడటంలో నేర్చుకున్న పాఠమే ఈ వ్యాసం. నేను లా విద్యార్థిని కాను. ఇది న్యాయ సలహా అని ఎవరూ అనుకోవద్దు. అయితే 2022 డిసెంబరు 5న న్యూఢిల్లీలో భారత్, జర్మనీ వలసలపై ఒప్పందం చేసుకున్నాయి. నైపుణ్యం ఉన్న భారతీయులకి ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకి పెంచుతామని 2024లో జర్మన్ ప్రభుత్వం ప్రకటించింది. మన కాలేజీలో చదివినవారి చేతికి కూడా ఇటువంటి కాగితాలు రాక మానవు. ఆనాడు పనికొస్తుందని రాస్తున్నాను.

కౌలూ అద్దే ఒకటేనా?

ముందు మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. మా ఊళ్ళో ఇల్లు అద్దెకిస్తారు, పొలం కౌలుకిస్తారు. పొలాన్ని అద్దెకిచ్చానని ఎవరైనా అంటే నవ్వుతారు. ఇంటికి అద్దె కట్టేవాడికి అందులో ఉండే హక్కు మాత్రమే ఉంది. కౌలుకి చేసేవాడికి దున్నుకునే హక్కే కాక, పండిన పంట ఇంటికి తెచ్చుకునే హక్కు కూడా ఉంది. ఆ తేడా మాటలోనే ఉంది కనుక మనం వేరే చెప్పుకోం.

ఇంగ్లీషులో ఈ రెంటికీ "లీజు" అనే మాట చెల్లిపోతుంది. జర్మన్లో చెల్లదు. అక్కడ ఇంటికి "మీటె", పొలానికి "పాఖ్ట్". బి.జి.బి. అనే పొట్టి పేరుతో పిలిచే జర్మన్ పౌరస్మృతి 1900 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో 535వ సెక్షను మీటె గూర్చి, 581వ సెక్షను పాఖ్ట్ గూర్చి చెబుతాయి. పాఖ్ట్‌లో వస్తువు వాడుకోవడంతోపాటు దాని ఫలసాయం అనుభవించే హక్కు కూడా ఉంటుందని చట్టమే చెబుతుంది. అంటే మన కౌలే! ఈ ఒక్క సంగతిలో తెలుగు రైతుకి జర్మన్ చట్టం ఇంగ్లీషు కన్నా దగ్గరగా ఉంటుంది.

దీన్నిబట్టి నాకు అర్థమైనది ఏమిటంటే, చట్టంలో వాడే మాట వట్టి మాట కాదు, ఒక మూట. ఎవరు ఎవరికి ఏమి బాకీ, ఎప్పటిలోగా, తప్పితే ఏమవుతుంది అనే సంగతులన్నీ ఆ మూటలో కట్టి ఉంటాయి. అనువాదకుడు మూటను వదిలేసి పైన అంటించిన చీటీ మాత్రం మారిస్తే, అవతలివాడు ఆ చీటీ చూసి తన దేశపు మూటను ఊహించుకుంటాడు. చిక్కంతా అక్కడే వస్తుంది.

కూలి, గుత్త, ఉద్యోగం

వరి కోతలప్పుడు రెండు పద్ధతులున్నాయి. ఒకటి రోజుకూలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిజాయితీగా పనిచేస్తే కూలి ఇవ్వాలి. వానొచ్చి పంట పాడైతే అది రైతు నష్టం. రెండోది గుత్త. ఎకరం కోసి కుప్ప వేస్తే ఇంత అని మాట. వాళ్ళు ఎంతమంది వస్తారో, ఎన్ని గంటలు చేస్తారో మనం అడగం. కాని కుప్ప పడాలి. సరిగా వెయ్యకపోతే మళ్ళీ వెయ్యమంటాం.

జర్మన్ చట్టం ఈ తేడానే రెండు పేర్లతో పిలుస్తుంది. శ్రమ మాత్రమే బాకీ ఉండే ఒప్పందం "డీన్స్ట్‌ఫెర్ట్రాగ్", 611వ సెక్షను. ఫలితం బాకీ ఉండేది "వెర్క్‌ఫెర్ట్రాగ్", 631వ సెక్షను. ఫెర్ట్రాగ్ అంటే ఒప్పందం. వెర్క్ అంటే ఇక్కడ పూర్తయిన పని, అంటే చేతికొచ్చిన వస్తువు లేక ఫలితం.

ఇంగ్లీషు "వర్క్", జర్మన్ "వెర్క్" చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకని కొత్తవాడు వెర్క్‌ఫెర్ట్రాగ్‌ని "వర్క్ కాంట్రాక్టు" అని మార్చేస్తాడు. ఇంగ్లీషు చదివేవాడు అది ఉద్యోగ ఒప్పందమే అనుకుంటాడు. తీరా చూస్తే అది గుత్త! ఫలితం చూపిస్తేగాని డబ్బు రాదు, సెలవు లేదు, జ్వరమొస్తే జీతం లేదు. దీన్ని ఇంగ్లీషులో "నిర్ణీత ఫలితం సాధించి ఇచ్చే ఒప్పందం" అని అర్థం వచ్చేలా నాలుగు మాటల్లో రాయడమే మేలు.

అసలు ఉద్యోగ ఒప్పందానికి జర్మన్ పేరు "ఆర్బైట్స్‌ఫెర్ట్రాగ్". ఇది డీన్స్ట్‌ఫెర్ట్రాగ్‌లోనే ఒక ప్రత్యేక రకం. 2017 ఏప్రిల్ 1 నుంచి 611-ఎ సెక్షను దీనికి నిర్వచనం ఇస్తోంది. ఇతరుల ఆదేశాలకి లోబడి, వారిపై ఆధారపడి పనిచేసేవాడు ఉద్యోగి. ఏ పని, ఎక్కడ, ఎప్పుడు చెయ్యాలో తనంతట తాను నిర్ణయించుకోగలిగినవాడు కాడు. ఒప్పందం మీద పేరు ఏమున్నా, నిజంగా జరిగే తీరు ఇలా ఉంటే అది ఉద్యోగమే అవుతుందని కూడా ఆ సెక్షనే చెబుతుంది. ఉద్యోగి అయితేనే జీతంతో సెలవు, జబ్బుచేస్తే ఆరు వారాలదాకా జీతం, తొలగింపు నుంచి రక్షణ. కనుక ఈ మూడు పేర్లలో దేన్ని దేనిగా మార్చామన్నది మనిషి బతుకుదెరువుకి సంబంధించిన విషయం.

క్యూండిగుంగ్ – చేసిందెవరు?

ఇక పెదనాన్న దగ్గరికి వద్దాం.

జర్మన్లో "క్యూండిగుంగ్" అంటే ఒక పక్షం రెండో పక్షానికి తెలియజేసి ఒప్పందాన్ని ముగించడం. యజమాని చేసినా క్యూండిగుంగే, ఉద్యోగి చేసినా క్యూండిగుంగే. ఇంగ్లీషులో అలా కాదు. యజమాని చేస్తే "డిస్మిసల్", ఉద్యోగి చేస్తే "రెజిగ్నేషన్". ఎవరు చేశారో చెప్పనక్కరలేదనుకుంటే "టెర్మినేషన్". ముందుగా ఇచ్చే తెలియజేతకి "నోటీసు". ఒక్క జర్మన్ మాటకి నాలుగు ఇంగ్లీషు మాటలు. సందర్భం చూసి ఒకటి ఎంచుకోవాలి.

మా అక్క ఒప్పందంలో ఎడమవైపు ఉన్న మాట వట్టి క్యూండిగుంగ్ కాదు, "ఐగెన్‌క్యూండిగుంగ్". ఐగెన్ అంటే సొంత. అంటే ఉద్యోగి తనంతట తాను మానివేయడం. అనువాదం చేసినవారు ముందున్న ఐగెన్‌ని వదిలేసి "టెర్మినేషన్" అని వేశారు. రెండు అక్షరాల ముక్క పోయింది. దాంతో "నువ్వు మధ్యలో మానితే కట్టు" అన్న షరతు "ఎవరు మాన్పించినా కట్టు" అయి కూర్చుంది.

మా జర్మన్ మాస్టారుగారికి చూపిస్తే ఆయన అవునన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. కారణం యజమాని వైపునే ఉన్నా ఖర్చు ఉద్యోగే కట్టాలనే షరతు, ముందే అచ్చువేసి అందరికీ ఒకేలా ఇచ్చే ఒప్పందాల్లో చెల్లదని ఎర్ఫుర్ట్ నగరంలో ఉన్న ఫెడరల్ కార్మిక న్యాయస్థానం పలు తీర్పుల్లో చెప్పిందట. బి.జి.బి. 307వ సెక్షను దానికి ఆధారం. "కాని అది నీ పని కాదు," అన్నారు మాస్టారు. "షరతు చెల్లుతుందా లేదా అని చెప్పేది వకీలు. అక్కడ ఏముందో ఉన్నదున్నట్టు చెప్పేవాడు అనువాదకుడు. తప్పుడు షరతుని కూడా తప్పు కనబడేలాగే అనువదించాలి." ఈ మాట నేను మరవలేదు.

క్యూండిగుంగ్‌లో ఇంకా రకాలున్నాయి. గడువు ఇచ్చి చేసేది "ఓర్డెంట్లిషె", అంటే మామూలుది. తీవ్రమైన కారణం ఉన్నప్పుడు, సాధారణంగా గడువు లేకుండా చేసేది "ఆవుసర్‌ఓర్డెంట్లిషె", 626వ సెక్షను. ఆ కారణం తెలిసిన రెండు వారాల్లోగా చెయ్యాలి. వీటిని నిఘంటువు చూసి "ఆర్డినరీ", "ఎక్స్‌ట్రార్డినరీ" అని వేస్తే ఇంగ్లీషు మనిషికి ఏమీ బోధపడదు. "గడువుతో ముగింపు", "తీవ్ర కారణంపై ముగింపు" అని అర్థమయ్యేలా రాసి, పక్కన జర్మన్ మాట ఉంచడం మంచిది.

మామూలు క్యూండిగుంగ్ గడువు 622వ సెక్షనులో ఉంది: నాలుగు వారాలు, అదీ నెలలో 15వ తేదీకో, నెలాఖరుకో ముగియాలి. నాలుగు వారాలంటే 28 రోజులు, "ఒక నెల" కాదు. మార్చి 5న నోటీసు అందిందనుకుందాం. 28 రోజులు ఏప్రిల్ 2కి పూర్తవుతాయి. కాని ఆ రోజున ఉద్యోగం ముగియదు, ఏప్రిల్ 15న ముగుస్తుంది. ఉద్యోగి పాతబడేకొద్దీ యజమాని ఇవ్వాల్సిన గడువు పెరుగుతుంది. రెండేళ్ళకి ఒక నెల, ఐదేళ్ళకి రెండు నెలలు, అలా ఇరవై ఏళ్ళకి ఏడు నెలలు.

"ప్రోబెట్సైట్" అంటే ప్రొబేషను. ఒప్పందంలో రాసుకుంటే ఆరు నెలలదాకా పెట్టవచ్చు. అప్పుడు రెండు వారాల గడువు చాలు. చాలామంది ప్రొబేషను అయిపోతే ఉద్యోగం ఖాయమైనట్లే అనుకుంటారు. జర్మన్ చట్టంలో ఇవి రెండు వేర్వేరు సంగతులు. 1951లో వచ్చిన తొలగింపు రక్షణ చట్టం, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు దాటాక, సాధారణంగా పదిమందికి మించి పనిచేసే చోట వర్తిస్తుంది. ప్రొబేషను మూడు నెలలే రాసుకున్నా ఆ ఆరు నెలలు ఆరు నెలలే. తొలగింపు అన్యాయమనుకుంటే కాగితం చేతికందిన మూడు వారాల్లోగా కార్మిక న్యాయస్థానంలో దావా వెయ్యాలి. లేకపోతే ఆ తొలగింపు మొదటినుంచీ చెల్లినట్టే లెక్క. ఇది తెలియక మూడు వారాలు ఎదురుచూసినవాడి సంగతి ఏమిటో ఊహించుకోండి.

రోజుల లెక్క

మా ఫిజిక్స్ లెక్చరరుగారు, యూనిట్ రాయని జవాబుకి సగం మార్కులు కోస్తారు. పది అంటే పది మీటర్లా, పది అడుగులా? ఒప్పందంలో రోజులకి కూడా యూనిట్ ఉంది.

1963 నుంచి అమల్లో ఉన్న జర్మన్ సెలవుల చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 24 "వెర్క్‌టాగె" సెలవు ఇవ్వాలి. టాగ్ అంటే రోజు, టాగె అంటే రోజులు. ఇంగ్లీషులో చాలామంది "24 వర్కింగ్ డేస్" అని వేస్తారు. ఇక్కడ తప్పేమిటి? ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాలు తప్ప మిగిలిన రోజులన్నీ వెర్క్‌టాగె అని చట్టం చెబుతుంది. అంటే శనివారం కూడా కలిసింది, వారానికి ఆరు రోజులు. 24ని 6తో భాగిస్తే 4 వారాలు.

మనిషి వారానికి ఐదు రోజులే పనికి వెళ్తాడనుకోండి. "వర్కింగ్ డేస్" అని చదివి 24ని 5తో భాగించి, దాదాపు ఐదు వారాలని లెక్క వేసుకుంటాడు. చట్టం ఇచ్చేది నాలుగు వారాలే, అంటే అతని లెక్కలో 20 రోజులు. నాలుగు రోజులు గాలిలో కలిశాయి. ఎవరూ మోసం చెయ్యలేదు, యూనిట్ పోయిందంతే. నిజంగా పనిచేసే రోజులకి జర్మన్లో "ఆర్బైట్స్‌టాగె" అని వేరే మాట ఉంది. చాలా ఒప్పందాలు కనీసం కన్నా ఎక్కువ సెలవు ఇస్తాయి. అక్కడ ఈ రెండు మాటల్లో ఏది వాడారో చూసుకోవాలి. వెర్క్‌టాగె అని ఉంటే, "సోమవారం నుంచి శనివారం వరకు లెక్కించే రోజులు" అని ఇంగ్లీషులో విడమరిచి రాయాలి.

చిన్న మాటలు, పెద్ద తేడాలు

పెద్ద పేర్లని చూసి జాగ్రత్తపడతాం. మోసం చేసేవి చిన్న మాటలు. మూడింటిని చెబుతాను.

మొదటిది "ఉన్‌ఫెర్ట్స్యూగ్లిష్". జబ్బు చేస్తే ఈ మాట ప్రకారం యజమానికి తెలియజేయాలని చట్టంలో ఉంది, ఒప్పందాల్లోనూ ఉంటుంది. ఇంగ్లీషులో "ఇమ్మీడియట్లీ" అని వేస్తుంటారు. వెంటనే అన్నదానికి జర్మన్లో "జోఫోర్ట్" అనే వేరే మాట ఉంది. ఉన్‌ఫెర్ట్స్యూగ్లిష్ అంటే "తన తప్పువల్ల ఆలస్యం చెయ్యకుండా" అని బి.జి.బి. 121వ సెక్షను అర్థం చెబుతుంది. ఒళ్ళు తెలియని జ్వరంతో పడి ఉన్న మనిషి రెండు గంటలు ఆలస్యంగా ఫోను చేస్తే, మొదటి మాట ప్రకారం తప్పు చేసినట్టు, రెండో మాట ప్రకారం చెయ్యనట్టు. "వితవుట్ అన్‌డ్యూ డిలే" అన్న ఇంగ్లీషు పలుకుబడి దీనికి సరిపోతుంది.

రెండోది "గ్రుండ్‌జెట్స్‌లిష్". గ్రుండ్‌జట్స్ అంటే మూల సూత్రం. సూత్రప్రకారం అంటే ఎప్పుడూ, తప్పకుండా అని మనకి తోస్తుంది. మామూలు సంభాషణలో జర్మన్లు కూడా అలా వాడతారు. కాని చట్టం భాషలో దాని అర్థం "సాధారణంగా, మినహాయింపులకి లోబడి" అని. అదనపు గంటల పనికి బదులు గ్రుండ్‌జెట్స్‌లిష్ సెలవిస్తాం అని ఉంటే, ఒక్కోసారి సెలవు కాక మరో విధంగా సర్దుబాటు చేసే అవకాశం కూడా ఉందన్నమాట. "ఆల్వేస్" అని అనువదిస్తే ఒప్పందంలో లేని హామీ ఇచ్చినట్టు.

మూడోది "ష్రిఫ్ట్‌లిష్", రాతపూర్వకంగా. ఇంగ్లీషు "ఇన్ రైటింగ్" అనగానే ఈ రోజుల్లో ఈమెయిలు గుర్తొస్తుంది. చట్టం ష్రిఫ్ట్‌ఫోర్మ్ కావాలన్నప్పుడు కాగితం మీద చేతి సంతకం ఉండాలని 126వ సెక్షను చెబుతుంది. ఉద్యోగం ముగించే కాగితానికి ఇది తప్పనిసరి అని, ఎలక్ట్రానిక్ పద్ధతి పనికిరాదని 623వ సెక్షను చెబుతుంది. ఇది యజమానికీ వర్తిస్తుంది, ఉద్యోగికీ వర్తిస్తుంది. వాట్సప్‌లో "రేపటినుంచి రావద్దు" అంటే చెల్లదు. అదే విధంగా ఈమెయిలులో రాజీనామా పంపి ఇంకో ఉద్యోగంలో చేరదామనుకున్నవాడి గడువు అసలు మొదలే కాదు. కనుక "చేతి సంతకంతో కాగితం మీద" అని స్పష్టంగా రాయాలి.

మన దగ్గర లేని మూటలు

కొన్ని మాటలకి ఇంగ్లీషులో మూటే లేదు. "బెట్రీబ్స్‌రాట్" అటువంటిది. ఒక పనిచోట ఉద్యోగులంతా ఎన్నుకునే మండలి అది. ఐదుగురు ఓటర్లున్న చోట కూడా దీన్ని ఎన్నుకోవచ్చు. 1920లోనే దీనికి చట్టం వచ్చింది. ఇప్పటి చట్టం 1972 నాటిది. ఇది యూనియను కాదు. యూనియనులో చేరనివాడు కూడా ఓటు వేస్తాడు. యజమాని ఎవరినైనా తొలగించేముందు ఈ మండలి అభిప్రాయం అడగాలి. అడగకుండా తొలగిస్తే ఆ తొలగింపు చెల్లదు. దీన్ని "యూనియన్" అని అనువదిస్తే, నేను సభ్యుణ్ణి కాదుగదా అని ఉద్యోగి ఆ గడప తొక్కడు. "వర్క్స్ కౌన్సిల్" అనే మాట ఇంగ్లీషులో స్థిరపడింది. దాన్నే వాడి, ఒక వాక్యంలో వివరణ ఇవ్వాలి.

రెండో ఉదాహరణ ఇంజనీర్ల ఒప్పందాల్లో కనబడుతుంది. ఉద్యోగం మానాక పోటీ సంస్థలో చేరకూడదనే షరతు. ఇంగ్లీషులో "నాన్ కంపీట్" అంటారు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ఇటువంటి నిషేధాలను చెల్లనివ్వదు. కనుక మనవాడు ఆ ఇంగ్లీషు మాట చూసి, ఇది ఎలాగూ చెల్లదులే అని సంతకం చేస్తాడు. జర్మనీలో అది చెల్లుతుంది. కాని రెండేళ్ళకి మించి ఉండకూడదు, ఆ కాలమంతా యజమాని అంతకుముందు ఇచ్చిన మొత్తంలో కనీసం సగం పరిహారంగా ఇవ్వాలి. ఒకే ఇంగ్లీషు మాట కింద మన మూట వేరు, వాళ్ళ మూట వేరు.

పాటించవలసిన పద్ధతి

ప్రయోగశాలలో ప్రొసీజరు రాసినట్టు, నాకు ఉపయోగపడిన క్రమం ఇది.

1. ముందు కర్తను వెతకాలి. ఎవరు చేస్తారు, ఎవరికి చేస్తారు? ఇంగ్లీషులో కర్త కనబడకపోతే జర్మన్లో ఉందేమో చూడాలి.

2. సమాసాన్ని విడగొట్టాలి. జర్మన్లో మన సంస్కృత సమాసాల్లాగే మాటలు అతుక్కుంటాయి. ముందున్న చిన్న ముక్కే అర్థాన్ని తిప్పేస్తుంది.

3. ప్రతి అంకెకీ యూనిట్ రాయాలి. వారమా నెలా, ఏ రకం రోజు, ఎప్పటినుంచి లెక్క?

4. నిఘంటువు కన్నా ముందు చట్టం చూడాలి. జర్మన్ న్యాయ మంత్రిత్వ శాఖ బి.జి.బి.కి ఇంగ్లీషు అనువాదం కూడా ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచింది.

5. ఇంగ్లీషు మాట ఏ దేశపు ఇంగ్లీషో చూసుకోవాలి. పని తగ్గిపోయి మనిషిని తీసేస్తే ఇంగ్లండులో "రిడండెన్సీ", అమెరికాలో "లేఆఫ్", మన కార్మిక చట్టాల్లో "రిట్రెంచ్‌మెంట్". ఒక్కోదానికి ఒక్కో చట్టం వెనకాల ఉంది. "సంస్థ అవసరాల కారణంగా తొలగింపు" అని వివరించి రాస్తే ఏ దేశంవాడూ పొరబడడు.

6. సరైన మాట దొరకనప్పుడు జర్మన్ మాటను అలాగే ఉంచి, పక్కన వివరణ ఇవ్వాలి. అది చేతకానితనం కాదు, నిజాయితీ.

7. చివరి పేజీలో ఏ భాష ప్రతి చెల్లుతుందో చూడాలి. చాలా ఒప్పందాల్లో తేడా వస్తే జర్మన్ ప్రతినే ప్రమాణంగా తీసుకోవాలని ఉంటుంది. అంటే మనం చదివేది ఇంగ్లీషు, మనల్ని కట్టేది జర్మన్!

ముగింపు

ఆ ఏడో సంగతి మా అక్క ఒప్పందంలోనూ ఉంది. కనుక కుడివైపు తప్పు ఎలా ఉన్నా చివరికి ఎడమవైపే నిలబడేది. కాని ఆ సంగతి తెలియక మేము సంతకమే వద్దనుకున్నాం. తప్పు అనువాదం డబ్బు పోగొట్టకపోయినా అవకాశం పోగొట్టగలదు.

అక్క మర్యాదగా ఒక ఉత్తరం రాసింది. ఫలానా షరతులో ఐగెన్‌క్యూండిగుంగ్ అన్న మాటకి ఇంగ్లీషు సరిగా లేదు, "ఉద్యోగి తానుగా రాజీనామా చేసినట్లయితే" అని మార్చగలరా అని. తొమ్మిది రోజుల్లో సవరించిన ప్రతి వచ్చింది. పెదనాన్న దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. "ఇప్పుడు సరిపోయింది. మన మాట మనం తప్పితే కట్టాలి, అది న్యాయమే," అన్నారు. అక్క ఇప్పుడు అక్కడ పనిచేస్తోంది. మొదటి ఆరు నెలలు పూర్తయిన రోజున ఫోను చేసి, "ఇవాళ్టితో ఆ రక్షణ చట్టం నాకూ వచ్చిందిరా," అంది.

ఊళ్ళో పెద్దవాళ్ళు కౌలు కాగితం రాయించుకునేటప్పుడు ప్రతి మాటా పైకి చదివించుకుంటారు. "నీళ్ళ తీరువ ఎవరిది? గట్టు మీద చెట్ల కాయ ఎవరిది?" అని అడుగుతారు. చదువురానివాళ్ళు కూడా అడుగుతారు. చదువుకున్న మనం మాత్రం పరదేశపు కాగితం చూడగానే, ఇంగ్లీషులో ఉందిగదా అని ధీమాగా సంతకం చేస్తాం, లేదా భయపడి వెనక్కి ఇచ్చేస్తాం. ఆ రెండూ చెయ్యకుండా, ఎడమవైపు కూడా ఒకసారి చదివించుకోవలసిందిగా నా తోటి విద్యార్థులకి మనవి.